గల్లీలో ఆట, గదిలో ఆఫీసు: కరోల్ బాగ్‌లో పిల్లల అరుపులపై ఫిర్యాదు ఎవరికి చేయాలి?

న్యూఢిల్లీ: సాయంత్రం నాలుగున్నర, అయిదు గంటల మధ్య కరోల్ బాగ్‌లో రెండు లోకాలు ఒకదానినొకటి ఢీకొంటాయి. బడి నుంచి వచ్చి, అన్నం తిని, ట్యూషన్‌కు ఇంకా వేళ కాని పిల్లలు బ్యాటు, ప్లాస్టిక్ బంతి పట్టుకొని గల్లీలోకి దిగుతారు. సరిగ్గా అదే సమయానికి, అదే గల్లీలోకి తెరుచుకొనే మొదటి, రెండో అంతస్తుల గదుల్లో ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులకు ఆ రోజు చివరి సమావేశాలు మొదలవుతాయి. అమెరికా సంస్థల కోసం పనిచేసేవారికైతే అవే మొదటి సమావేశాలు. ‘ఔట్’ అని కింద పదిమంది ఒక్కసారిగా అరిస్తే, ఆ తీర్పు మైకు గుండా మరో ఖండంలోని శ్రోతలకూ చేరుతుంది. ఆ తరువాత బాల్కనీ నుంచి ఒక కేక, కింద నుంచి ఒక తల్లి సమాధానం, వాట్సాప్ బృందంలో ఒక ఘాటైన సందేశం.

చిన్న తగవుగా కొట్టిపారేయదగినట్టే కనిపించే ఈ వివాదం కొవిడ్ లాక్‌డౌన్ల తరువాత దేశంలోని ప్రతి నగరంలోనూ ఉంది. హైదరాబాద్ శివార్లలోని గేటెడ్ సముదాయాల్లో అది క్లబ్‌హౌస్ నిబంధనగా, బెంగళూరులో అపార్ట్‌మెంట్ సంఘం జరిమానాగా వినిపిస్తుంది. కరోల్ బాగ్‌లో సంఘమూ ఉండదు, క్లబ్‌హౌసూ ఉండదు. గల్లీ మాత్రమే ఉంటుంది. అందుకే ఇక్కడ సమస్య ముసుగు లేకుండా కనిపిస్తుంది. నగరంలో ఒకే జాగా ఆటస్థలంగా, దారిగా, వాహనాల నిలుపుదలగా, ఇప్పుడు కార్యాలయపు గోడగా కూడా మారినప్పుడు, ఎవరి అవసరం వెనక్కి తగ్గాలి అన్నదే అసలు ప్రశ్న.

ముందుగా చట్టం ఏమంటుందో చూడాలి. శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. వాణిజ్య ప్రాంతాల్లో 65, 55. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో 50, 40 డెసిబెళ్లు పరిమితి. ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు పగలు. పరిమితిని 10 డెసిబెళ్లు లేదా అంతకంటే ఎక్కువ దాటితే ఎవరైనా అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. కాగితంపై ఇదంతా స్పష్టంగానే ఉంది. అయితే మామూలు సంభాషణే మీటరు దూరంలో 60 డెసిబెళ్ల వరకు ఉంటుంది. పిల్లవాడి కేక 80 దాటడం వింత కాదు. ఆ లెక్కన నివాస ప్రాంతపు పరిమితిని బడి వదిలిన ప్రతి వీధీ రోజూ ఉల్లంఘిస్తూనే ఉంటుంది.

కానీ నిబంధనల గురి అది కాదు. లౌడ్‌స్పీకర్లు, వాద్యాలు, హారన్లు, నిర్మాణ యంత్రాలు, బాణసంచా, ఇవే వాటిలో పేరుపెట్టి నియంత్రించిన ధ్వని మూలాలు. 2005 జులై 18న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లహోటి నేతృత్వంలోని ధర్మాసనం శబ్ద కాలుష్యంపై ఇచ్చిన ప్రసిద్ధ తీర్పు ప్రశాంతంగా బతికే హక్కును రాజ్యాంగంలోని 21వ అధికరణంతో ముడిపెట్టింది. ఆ తీర్పు నేపథ్యమూ లౌడ్‌స్పీకర్లు, బాణసంచాయే. ఆడుకొనే పిల్లలు కారు. ఇక శిక్షాస్మృతి సంగతి. భారతీయ న్యాయ సంహితలోని 270వ సెక్షన్ ప్రజోపద్రవాన్ని నిర్వచిస్తుంది. వేరే శిక్ష నిర్దేశించని సందర్భాల్లో 292వ సెక్షన్ వెయ్యి రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. అదే సంహితలోని 20వ సెక్షన్ ఏడేళ్లలోపు పిల్లలు చేసేదేదీ నేరం కాదంటుంది. పన్నెండేళ్లలోపు వారి విషయంలో వారి అవగాహన పరిపక్వతను చూడమని 21వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి గల్లీ క్రికెట్‌పై ఠాణాకు వెళ్లే ఉద్యోగికి అక్కడ దొరికేది చట్టం కాదు, మహా అయితే ఒక కానిస్టేబుల్ మందలింపు.

ఇంతకీ కరోల్ బాగ్ నివాస ప్రాంతమేనా? ఢిల్లీ బృహత్ ప్రణాళిక-2021 దీనిని పాతనగరం, దాని విస్తరణ ప్రాంతాలతో పాటు ‘ప్రత్యేక ప్రాంతం’గా గుర్తించింది. కింద దుకాణం, పైన గోదాము, ఆపైన కాపురం ఇక్కడి మామూలు కట్టడం. మిశ్రమ ప్రాంతాలను నాలుగు వర్గాల్లో ఏదో ఒకదానిగా ప్రకటించే అధికారాన్ని శబ్ద నిబంధనలు సంబంధిత అధికారికే వదిలేశాయి. తమ వీధికి 55 వర్తిస్తుందా, 65 వర్తిస్తుందా అన్నది అద్దెకుండేవారికే కాదు, ఇంటి యజమానికీ చాలాసార్లు తెలియదు.

ఇక్కడి నిత్య ధ్వనుల పట్టికలో పిల్లలది ఎన్నో స్థానమో చూద్దాం. అజ్మల్ ఖాన్ రోడ్డు, గఫార్ మార్కెట్, ఆర్యసమాజ్ రోడ్డు, ట్యాంక్ రోడ్డు టోకు దుస్తుల దుకాణాలు. సరకు దించే టెంపోలు. ఒకే పలుకును రోజంతా వల్లించే తోపుడుబండి స్పీకరు. పాత ఇల్లు కూల్చి నాలుగంతస్తులు లేపే చోట డ్రిల్లింగ్. నాయివాలా వైపు వెళితే దేశమంతటా పేరున్న మోటారుసైకిల్ విడిభాగాల బజారు ఉంది. బుల్లెట్ బండి సైలెన్సర్ మార్చి మోత పెంచుకోవాలనుకొనే కుర్రాళ్లు వెతుక్కుంటూ వచ్చేది ఇక్కడికే. ఆ మోతకు మోటారు వాహనాల చట్టంలోని 190(2) సెక్షన్ కింద 2019 సవరణ తరువాత పదివేల రూపాయల వరకు జరిమానా ఉంది. అయినా ఇంటి నుంచి పనిచేసేవారి వాట్సాప్ ఫిర్యాదుల్లో బుల్లెట్ కంటే బంతికే ఎక్కువ చోటు దక్కుతుంది. బుల్లెట్ నడిపేవాడిని ఆపలేం. పక్కింటి పిల్లవాడిని ఆపగలం. ఫిర్యాదు శబ్దం ఎక్కువున్న చోటికి కాకుండా, ఎదురుచెప్పలేని వారున్న చోటికి ప్రవహిస్తుంది.

అలాగని ఉద్యోగి బాధను నటన అనడం అన్యాయం. శబ్దం ఎంత పెద్దదన్నది ఒక్కటే మనసును చెదరగొట్టదు. అర్థమయ్యే మాట, ఎప్పుడు పైకి లేస్తుందో తెలియని కేక పనిని చెడగొడతాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1970ల నుంచి ప్రయోగాల్లో చూపుతూనే ఉన్నారు. ఫ్యాను హోరును మెదడు కాసేపటికి పక్కన పెట్టేస్తుంది; ‘భయ్యా, బాల్ దే దో’ అన్న పిలుపును పెట్టలేదు. ఖరీదైన నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్లు కూడా విమానపు గుర్రు వంటి స్థిరమైన మంద్రధ్వనిని అణచినంత బాగా మనిషి గొంతును అణచలేవు. ఇరుకు గల్లీ మరో శాపం. బహిరంగ మైదానంలో దూరం రెట్టింపైన కొద్దీ ధ్వని ఆరు డెసిబెళ్ల చొప్పున తగ్గుతుంది. రెండు వైపులా నాలుగంతస్తుల గోడలున్న చోట అది గోడకూ గోడకూ తగిలి పైకి పాకుతుంది.

డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1972లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ గుర్తుచేసుకోదగినది. ఇద్దరికీ ఒకే మోత వినిపించారు. ఒకరి చేతికి మాత్రం దానిని ఆపే మీట ఇచ్చారు. మీట ఉన్నవారు చాలావరకు దానిని నొక్కనే లేదు. అయినా మోత తరువాత ఇచ్చిన పనుల్లో వారే మెరుగ్గా రాణించారు. ఆపగలమన్న నమ్మకమే సగం నిశ్శబ్దం అన్నమాట. గల్లీ పిల్లల పేర్లు తెలిసిన ఉద్యోగికి, ‘ఒక్క అరగంట ఆగండి నాన్నా’ అని అడగగలిగినవారికి, ఆ మీట చేతిలో ఉన్నట్టే. పదకొండు నెలల ఒప్పందంపై అద్దెకు దిగి, ఎదురింటివారి పేరైనా తెలియక, వచ్చే ఏడాది మరో పేటకు వెళ్లిపోయేవారికి అది లేదు. కరోల్ బాగ్‌లో ఈ రెండో రకం వారి సంఖ్య తక్కువేమీ కాదు.

వారిలో తెలుగువారూ ఉన్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో నెలకొల్పిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాల ఒకటి ఈ పేటకు ఆనుకొనే ప్రసాద్ నగర్‌లో ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలతో వచ్చిన పాత తరం పిల్లలు ఇక్కడే చదివారు. ఇప్పటి తెలుగు రాకపోకలు ఎక్కువగా మరో దారివి. సివిల్స్ పరీక్షలకు సన్నద్ధమయ్యే యువత కరోల్ బాగ్‌లోనూ, పక్కనున్న ఓల్డ్ రాజేంద్ర నగర్‌లోనూ చిన్న గదులు తీసుకొంటుంది. ఈ పరీక్షార్థుల అనుభవం ఇంటి నుంచి పనిచేసేవారికి ముందే రాసిపెట్టిన హెచ్చరిక వంటిది. గదిలో నిశ్శబ్దం దొరకనప్పుడు దానిని కొనుక్కోవలసి వచ్చింది. నెలకింత అని చెల్లిస్తే ఒక కుర్చీ, ఒక దీపం, మాట్లాడకూడదన్న నియమం లభించే ప్రైవేటు ‘లైబ్రరీ’లు పుట్టగొడుగుల్లా వెలిశాయి, అనేకం నేలమాళిగల్లో. 2024 జులై 27న ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో అలాంటి ఒక నేలమాళిగలోకి వాననీరు ముంచెత్తి ముగ్గురు అభ్యర్థులు మరణించారు. నిల్వకు, వాహనాలకు అనుమతి పొందిన చోట పుస్తకాలు, మనుషులు చేరారని ఆ తరువాత వెల్లడైంది. నగరం నిశ్శబ్దాన్ని పౌరసదుపాయంగా కాక సరకుగా వదిలేస్తే అది ఎంత లోతుకు దిగుతుందో ఆ ఘటన చూపింది.

పిల్లల వైపు లెక్క కూడా అంతే నిర్దయగా ఉంది. 250 మంది జనాభాకు 125 చదరపు మీటర్ల చొప్పున పసిపిల్లల ఆటజాగా, అయిదువేల మందికి అర హెక్టారు పార్కు ఉండాలని బృహత్ ప్రణాళిక చెబుతోంది. కొత్తగా వేసే కాలనీలకు ఆ కొలత సరిపోతుంది. కొత్త రాజధాని నిర్మాణం కోసం ఊళ్లు ఖాళీ చేసినవారితో మొదలై, దేశ విభజన తరువాత పశ్చిమ పంజాబ్ శరణార్థులతో నిండిపోయిన కరోల్ బాగ్‌లో ఆ జాగాను ఇప్పుడు ఎక్కడ నుంచి తెస్తారు? అజ్మల్ ఖాన్ పార్కు ఉంది. కానీ ఎనిమిదేళ్ల పిల్లవాడు ఒంటరిగా రద్దీ రోడ్లు దాటి అక్కడికి వెళ్లాలని ఏ తల్లీ కోరుకోదు. ఢిల్లీలోని చాలా కాలనీ పార్కుల గేటు మీద కనిపించే మొదటి వాక్యమే బంతి ఆటలు నిషేధమన్నది. పార్కులో ఆడితే మొక్కలు పాడవుతాయి, గల్లీలో ఆడితే సమావేశం పాడవుతుంది, మేడమీద ఆడితే పడిపోతారు. మిగిలింది ఫోను.

నిజానికి ఈ వివాదంలో అందరూ ఒప్పుకొంటున్న, ఎవరూ చెప్పుకోని పరిష్కారం ఫోనే. పిల్లవాడు అరవకుండా ఉండాలంటే చేతికి తెర ఇస్తే చాలు. అయిదు నుంచి పదిహేడేళ్ల వారికి రోజుకు సగటున కనీసం 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సిఫార్సు చేసింది. ఆటను, విశ్రాంతిని బాలల హక్కుగా గుర్తించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో భారత్ 1992లోనే చేరింది. మైదానం లేని పాఠశాల ఉండరాదని 2023లో హరియాణాకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇన్ని మాటలున్నా, మూసిన తలుపు వెనుక వీడియో చూస్తూ కూర్చున్న పిల్లవాడిపై ఇరుగుపొరుగు ఎవరూ ఫిర్యాదు చేయరు.

ఢిల్లీ శీతాకాలం గోరుచుట్టుపై రోకటిపోటు. గాలి నాణ్యత క్షీణించినప్పుడు అమలయ్యే దశలవారీ కార్యాచరణ ప్రణాళిక పెద్దలను, పిల్లలను ఒకేసారి ఇంటికి పంపుతుంది. 2024 నవంబరులో తరగతులు ఆన్‌లైన్‌కు మారాయి. ఢిల్లీ ప్రభుత్వ కార్యాలయాల్లో సగం మందికి ఇంటి నుంచి పని ఆదేశించారు. 2025 నవంబరులో ఆ సగం నిబంధన ప్రైవేటు కార్యాలయాలకూ విస్తరించింది. డిసెంబరులో అయిదో తరగతి వరకు పిల్లలకు బడి తెరపైకి వెళ్లింది. అదే నవంబరులో పాఠశాలల క్రీడా పోటీలను గాలి బాగుండే నెలలకు మార్చే విషయం పరిశీలించాలని వాయు నాణ్యత నిర్వహణ కమిషన్‌కు సుప్రీంకోర్టు సూచించింది. రెండు గదుల ఇంట్లో తండ్రి సమావేశం, తల్లి సమావేశం, ఇద్దరు పిల్లల తరగతులు. బయట ఆడరాదు, లోపల అరవరాదు. గాలి కాస్త తేలికపడి ఆంక్షలు ఎత్తేసిన మొదటి సాయంత్రం గల్లీలో పిల్లల గోల రెట్టింపు ఉంటుందంటే ఆశ్చర్యం లేదు.

ఈ మొత్తం లెక్కలో కనిపించని పక్షం ఒకటుంది. అది యజమాని. అద్దె, కరెంటు, క్యాంటీన్, రవాణా ఖర్చులు మిగుల్చుకొన్న సంస్థ, పని చేసే చోటును నిశ్శబ్దంగా ఉంచే బాధ్యతను ఉద్యోగికి బదిలీ చేసింది. చాలా సంస్థల ఇంటి-పని విధానాల్లో విడిగా, ప్రశాంతంగా ఉన్న స్థలం ఉద్యోగి సమకూర్చుకోవాలన్న షరతు ఉంటుంది. దానికి మూల్యం చెల్లించాలన్న వాక్యం అరుదు. 2020 నవంబరులో టెలికాం శాఖ ఇతర సేవల ప్రదాతల నిబంధనలను సడలించింది. 2022 జులైలో ప్రత్యేక ఆర్థిక మండళ్లలోని సంస్థలు సగం సిబ్బంది వరకు ఇంటి నుంచి పనిచేయించుకొనే వీలు కల్పించారు. 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం సెలవు తరువాత తల్లులకు పరస్పర అంగీకారంతో ఈ వెసులుబాటు ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు మహిళలకు పెద్దఎత్తున ఇంటి నుంచి పని అవకాశాలు కల్పించే ఆలోచనను ప్రకటించారు. అన్నీ ఎక్కడ నుంచి పనిచేయవచ్చో చెప్పినవే. ఆ చోటు ఎలా ఉండాలో, లేకపోతే ఎవరు భరించాలో చెప్పినవి కావు. భారం చివరికి ఇంటి ఆడవారిపైనే పడుతుంది: తన సమావేశంలోకి గోల రాకుండా చూసుకోవలసిందీ ఆమే, భర్త సమావేశం కోసం పిల్లలను ఊరుకోబెట్టవలసిందీ ఆమే, పక్కింటివారి ఫిర్యాదుకు సమాధానం చెప్పవలసిందీ ఆమే. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయే ఉద్యోగి పరిస్థితి మరీ విచిత్రం. చట్టం దృష్టిలో అతని రాత్రి అసలు రాత్రే కాదు.

ఇతర దేశాలు ఈ చిక్కుముడిని ఎటు నుంచి విప్పాయి? జర్మనీలో శిశుసంరక్షణ కేంద్రాలపైన, ఆటస్థలాలపైన పొరుగువారు కోర్టులకెక్కడం పెరగడంతో 2011లో సమాఖ్య చట్టాన్నే సవరించారు. ఆ కేంద్రాల్లో, ఆటస్థలాల్లో పిల్లలు చేసే ధ్వనిని సాధారణంగా హానికర పర్యావరణ ప్రభావంగా పరిగణించరాదని, దానిని తూచడానికి డెసిబెల్ పరిమితులను వాడరాదని రాశారు. టోక్యో నగర పాలన 2015లో బడి ఈడు రాని పిల్లల గొంతులను శబ్ద నియంత్రణ నుంచి మినహాయించింది. అదే జపాన్‌లోని నగానో నగరంలో ఒక ఆటస్థలాన్ని శబ్దంపై ఫిర్యాదుల నేపథ్యంలో 2023లో మూసివేయడం దేశవ్యాప్త చర్చకు దారితీసింది. ప్రధానంగా ఫిర్యాదు చేసింది ఒక్క ఇల్లు. పిల్లలు తగ్గిపోతున్న సమాజంలో పిల్లల గొంతు వింత శబ్దంగా మారుతుందన్నది ఆ చర్చలో వినిపించిన దిగులు. మనకు ఆ దశ ఇంకా రాలేదు. మనకున్నది పిల్లల కొరత కాదు, జాగా కొరత.

అందుకే జర్మనీ వాక్యాన్ని ఇక్కడి నిబంధనల్లో అతికించినంత మాత్రాన కరోల్ బాగ్‌లో ఒరిగేది స్వల్పం; మన నిబంధనలు పిల్లలను ఎలాగూ పట్టుకోవడం లేదు. పనికొచ్చేవి వేరే ఉన్నాయి. బడి వేళల తరువాత తాళం పడే పాఠశాల మైదానాలను సాయంత్రం రెండు గంటలు పేట పిల్లలకు తెరవడం అన్నిటికన్నా చవకైనది. కాపలాదారు జీతం, ప్రమాద బాధ్యత ఎవరిదన్న ఒప్పందం, అంతే కావలసింది. బ్రిస్టల్‌లో 2009లో తల్లిదండ్రులు కొన్ని గంటలు తమ వీధిని వాహనాలకు మూసి పిల్లలకు విడిచిపెట్టారు. ఆ పద్ధతి బ్రిటన్‌లోని ఇతర నగరాలకు పాకింది. ఢిల్లీకీ ఇది కొత్త కాదు. 2013లో గురుగ్రామ్‌లో మొదలైన రాహ్‌గిరీ 2014లో కన్నాట్ ప్లేస్‌కు వచ్చింది. కరోల్ బాగ్‌లోనే అజ్మల్ ఖాన్ రోడ్డులో ఒక భాగాన్ని 2019లో పాదచారులకు కేటాయించారు, అయితే అది కొనుగోలుదారుల కోసం, పిల్లల కోసం కాదు.

ఈ పేటకు ప్రకృతి ఇవ్వని ఒక వెసులుబాటును వ్యాపారం ఇచ్చింది. సోమవారం బజారుకు సెలవు. టెంపోలు తగ్గుతాయి, దుకాణాల ముందు మెట్లు ఖాళీ అవుతాయి, గల్లీ ఒక్కసారిగా వెడల్పవుతుంది. పిల్లలకు ఏ మైదానమూ అక్కర్లేని సాయంత్రం అది. దురదృష్టవశాత్తు వారపు సమావేశాలన్నీ పోగుపడేదీ సోమవారమే. ఇరుగుపొరుగు కూర్చొని మాట్లాడుకోదలిస్తే ఆ రోజు నుంచే మొదలుపెట్టవచ్చు: ముఖ్యమైన సమావేశం ఉన్న ఇల్లు ముందుగా చెప్పడం, ఆ గంట ఆట గల్లీ అవతలి కొసకు జరగడం, మిగిలిన సాయంత్రం ఎవరూ బాల్కనీలోకి రాకపోవడం. రెండో అంతస్తు ఉద్యోగికి పిల్లల పేర్లు తెలియడం కూడా అక్కడే మొదలవుతుంది.

ప్రభుత్వం చేయవలసింది మాత్రం అలాంటి మాటలకు వదిలేయదగినది కాదు. గాలి నాణ్యత సూచీ 400 దాటినప్పుడు వెలువడే ఉత్తర్వుల్లో ఏ కార్యాలయంలో ఎంత శాతం సిబ్బంది ఉండాలో, ఏ తరగతి ఏ పద్ధతిలో నడవాలో ఉంటుంది. అలా ఇళ్లకు చేరిన పెద్దలు ఎక్కడ కూర్చొని పనిచేయాలి, పిల్లలు ఎక్కడ ఆడాలి అన్న ప్రశ్నకు సముదాయ భవనాలు, గ్రంథాలయాలు, వాయుశుద్ధి యంత్రాలున్న పాఠశాల హాళ్లు జవాబు కాగలవు. వచ్చే నవంబరు ఉత్తర్వులకు ముసాయిదాలు రాసే సమయానికి ఆ జాబితా సిద్ధంగా ఉంటుందా అన్నది నగరపాలక సంస్థ, విద్యాశాఖ వేసవిలోనే తేల్చుకోవలసిన పని.